పద్మ నిద్రించినది

మట్టెవాడ, వరంగల్
5 మే 2021

అక్కకు, తమ్ముడు సదానందం వందనాలతో రాసేది.

ముందుగా నా చేతిరాతను, తప్పులను మన్నించు. వత్తులు ఎక్కడ పెట్టాలో నాకు మొదటినుంచీ రాదు, అది నీకు తెలిసిందే. చదివేటప్పుడు నువ్వే సరిచేసుకో. నీ చెవులు వినిపిస్తే ఈ తిప్పలు ఉండకపోయేవి. ఫోన్‌లో చెప్పిస్తే నీ కొడుకు మహిపాల్ సగమే నీ చెవిలో వేస్తాడని నువ్వే అన్నావు. ఇప్పుడు నా ఫోన్ కూడా బకెట్ల పడి చచ్చింది. బాగుచేసే అతను జ్వరంతో పడుకున్నాడు. ఈ ఊళ్లో ఎవరిని అడిగినా జ్వరమే.

నీ బిడ్డ పద్మను ఎప్పుడు పంపిస్తావని అడిగావు. నేను పంపితే పోయే మనిషి కాదు. మొగుడు పోయి నా ఇంటికి వచ్చిన నాటినుంచి పెద్ద దవాఖానలో ఆయా పని చేస్తూనే ఉంది. ఇప్పుడు కరోనా వార్డులో వేశారు. నీ మాట చెప్పాను. "మామా, నేనొస్తే ఆ మంచాల కింది గిన్నెలు ఎవరు తీస్తరు" అన్నది.

చర్చి మూసి ఉంది. నేను పొద్దున జావ కాచి, జ్వరం ఉన్న ఇళ్ల గడపల మీద పెట్టి, కర్రతో తలుపు తట్టి వస్తున్నాను. మన చర్చి సంఘంవాళ్లు పిండి ఇస్తున్నారు. ఆ జ్వరం ఇళ్లన్నీ మగ్గాల వాళ్లవే, మన సంఘంవాళ్లవి కావు. పక్కింటి రామలింగం మగ్గం చప్పుడు ఆగింది, ఆయనకూ వచ్చింది. కిటికీలోంచి "సదానందం, ఈ జావ తాగితే మతం మారుతదా ఏంది" అన్నాడు. ఇంటికొచ్చినాక తట్టింది, ఉప్పు తక్కువైతే మారదులే అనవలసింది.

ఇంకొక సంగతి. వార్డులోకి ఇంటివాళ్లను రానివ్వరు. మనిషి ఆఖరుకు వచ్చాడని తెలిస్తే గేటు దగ్గర కూర్చున్నవాళ్లు చిన్న సీసాలో తులసి నీళ్లు ఇచ్చి, మా నాయిన నోట్లో రెండు చుక్కలు పొయ్యి తల్లీ అని దండం పెడతారట. ప్రాణం పోయే ముందు అది పడాలని వాళ్ల పద్ధతి. మిగతావాళ్లు తప్పించుకుంటారు. పద్మ తీసుకుపోయి పోస్తుంది. ఎవరి పేరు చెప్పి పోస్తావని అడిగాను. "ఎవరి పేరు లేదు మామా. నీ కొడుకు పంపిండు, తాగు అంటా" అన్నది. విన్నాక ఆ పూట నాకు అన్నం దిగలేదు.

మోకాళ్లు ఎట్లున్నాయి. వెంటనే జవాబు రాయి.

నీ తమ్ముడు
సదానందం


పరకాల
11 మే 2021

తమ్ముడు సదానందానికి అక్క రాజవ్వ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అది రాసింది నువ్వా, కోడి గీకిందా. చదవడానికి ఒక పూట పట్టింది. రాత్రిబడిలో మనకు అక్షరాలు నేర్పిన చిలుకమ్మ టీచరమ్మ బతికుంటే నీ చెవి మెలేసేది. నోటితో మాట్లాడినట్టే కాగితం మీద పెట్టేదాన్ని ఉత్తరం అంటారా. ఇక్కడ మన సంఘం ఆడవాళ్లు వరంగల్ సంగతులు తెలుసుకోవాలని నీ ఉత్తరం చదివించుకుంటారు. నాకు సిగ్గయింది. ఇకనుంచి బైబిలు వాక్యంలో ఉన్నట్టు పద్ధతిగా రాయి.

సిగ్గు రాత సంగతి ఒక్కటే కాదు. ఆ తులసి నీళ్ల సంగతి వాళ్లకు వినిపించలేదు. ఆ నాలుగు వరుసలు మింగేసి మిగతాది చదివాను. బాప్తిస్మం తీసుకున్న చేతులతో అన్యుల తీర్థం పోయడమేంది. రోగుల మలమూత్రాలు ఎత్తితే ఎత్తింది, అది సేవ. ఇది ఏం సేవ. నువ్వు మేనమామవు, దగ్గర ఉండి ఒక్క మాట అనలేదు. పైగా అన్నం దిగలేదని రాస్తావు. చిన్నప్పటినుంచీ నువ్వు ఇంతే, ఎవరేమన్నా గోడకు ఆనుకొని నిలబడతావు.

ఆ జబ్బు దానికి సోకితే నాకు శవాన్ని కూడా చూపరు. మా ఊళ్లో ఒకాయనను సంచిలో కట్టి తీసుకుపోయారు, పెండ్లాం దూరం నుంచి ఆ సంచినే చూసింది. నాకు నిద్ర పడుతలేదు. ఈ నెలాఖరుకు పద్మను పంపు. పంపకపోతే నేనే వచ్చి జుట్టు పట్టుకొని తెచ్చుకుంటా. ఇది అక్క మాట.

జావలో కొంచెం జీలకర్ర వెయ్యి.

రాజవ్వ


మట్టెవాడ, వరంగల్
16 మే 2021

ప్రభువునందు ప్రియురాలగు అక్కకు, తమ్ముడు సదానందము వందనములతో వ్రాయునది.

నీవు చెప్పిన ప్రకారము పద్ధతిగా వ్రాయుచున్నాను. రెండు కాగితములు చించి ఇది మూడవది. నాకు ఇట్టి భాష వాక్యము చదువుటవలననే వచ్చును గనుక తప్పులున్న క్షమించుము.

పద్మ సంగతి. వార్డులో తోటి ఆయాలు ఇద్దరు జ్వరముతో పడిపోయిరి. కావున వారి పని సయితము పద్మ మీదనే పడెను. రాత్రింబగళ్లు అక్కడనే యుండి మిక్కిలి ప్రయాసపడెను. కన్నులు గుంటలు పడెను. రాత్రి ఇంటికి వచ్చెను. అన్నము ముట్టలేదు. అలసిపోయిన మామా అని ఒక్క మాట పలికెను. నేడు తెల్లవారుచుండగా నిద్రించినది.

ముఖము నెమ్మదిగా నున్నది. ఇప్పుడు ఆమెకు ఏ ప్రయాసయు లేదు. నేను తలుపు మూసి గడపయొద్ద కూర్చుంటిని. ఎవరిని లోనికి రానియ్యలేదు. ఆమె బట్టలు వేడినీళ్లలో వేసితిని. తులసి నీళ్ల సంగతి తెలిసి సంఘపెద్ద శ్యాంసుందర్ గారు గద్దించుటకు వచ్చిరి గాని, కిటికీలోనుండి ఆమెను చూచి ఏమియు అనలేకపోయిరి. వీధిలోనే నిలువబడి ప్రార్థన చేసి వెళ్లిరి. రామలింగం ఇంటివారు సయితము చప్పుడు చేయక యున్నారు.

నీ ఉత్తరము ఆమెకు చూపలేదు. లేచిన పిమ్మట అన్నియు మాట్లాడుకొందుము. నీవు దుఃఖపడకుము. దేవుడు ఆమెకు విశ్రాంతి దయచేసెను గనుక స్తోత్రము.

త్వరగా ప్రత్యుత్తరము వ్రాయగలవు.

సదానందము


మట్టెవాడ, వరంగల్
22 మే 2021

అక్కకు సదానందం రాసేది.

నిన్న నువ్వు వచ్చి పోయావట. నేను జావ క్యాన్లు కడుక్కొని వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. పద్మ సాయంత్రం వచ్చి చెప్పింది. నేను రెండు గల్లీల అవతలే ఉన్నాను. రామలింగం భార్యను అడిగినా పిలుచుకొచ్చేది.

పద్మ వివరం చెప్పడం లేదు. అమ్మ వచ్చి లేపింది, నేను పోయిన, అంతే అంటుంది. వచ్చినప్పటినుంచి గోడ దిక్కు తిరిగి కూర్చుంది. నువ్వు తిట్టిపోయావేమో అనుకుంటున్నాను. నా మీద నీకు కోపం ఉన్న సంగతి తెలుసు. కానీ ఇంటి దాకా వచ్చి తమ్ముని ముఖం చూడకుండా, గుక్కెడు నీళ్లు తాగకుండా పోయేంత తప్పు నేనేం చేశాను. పద్ధతిగా రాయమన్నావు, రాశాను. ఇంకేం చేయాలో చెప్పు.

కొత్త తెల్ల దుప్పటి ఒకటి మరిచిపోయి పోయావు. పద్మ కోసం తెచ్చావనుకొని దాని మంచం మీద పరిచాను.

జవాబు రాయి. ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

సదానందం


పరకాల
24 మే 2021

తమ్ముడు సదానందానికి రాజవ్వ రాసేది.

నీ చేతులు విరగ. ఈ మాట ముందు రాయకపోతే నాకు మిగతాది రాయ చేతకాదు.

నీ పదహారో తారీకు ఉత్తరం గురువారం పొద్దుగూకే వేళకు వచ్చింది. సంఘం ఆడవాళ్లు అరుగు మీద ఉన్నారు. నేను పైకే చదివాను. నేడు తెల్లవారుచుండగా నిద్రించినది అని చదివాక ఆ తర్వాతి వరుసలు నాకు కనబడలేదు. పక్కన ఉన్నామె తీసుకొని చదివింది. ముఖము నెమ్మదిగా ఉందట, ప్రయాస లేదట, ఎవరినీ లోనికి రానివ్వలేదట, సంఘపెద్ద వీధిలో నిలబడి ప్రార్థన చేశాడట, దేవుడు విశ్రాంతి ఇచ్చాడట. లేచిన పిమ్మట మాట్లాడుకుందాం అన్నావు. చనిపోయినవాళ్లు లేచే కడవరి నాడు అనుకున్నాను నేను. ఒరేయ్, మన సంఘంలో నిద్రించింది అని పోయినవాళ్లను గాక ఇంకెవరిని అంటారు. పండుకుంది అనలేవా. నిద్రపోయింది అని రాయలేవా.

నేనే పద్ధతిగా రాయమన్నాను. ఆ సంగతి దారి పొడుగునా గుర్తుకొచ్చింది.

మహిపాల్ వాళ్ల అక్క పద్మకు ఫోన్ చేశాడు. బంద్ అని వచ్చింది. మళ్లీ మళ్లీ చేశాడు. డ్యూటీలో ఉంటే ఫోన్ బయట డబ్బాలో పెడతారని మాకేం తెలుసు. అరుగు మీదనే అందరూ మోకరించారు. నన్ను ఒక మాట చెప్పమన్నారు. ప్రభువా, నా బిడ్డను నీకు అప్పజెప్పిన అన్నాను. ఏడుపు కూడా రాలేదు, అంత అలసిపోయాను.

కోడి కూసే వేళకు మహిపాల్ నన్ను కూరగాయల ఆటోలో ఎక్కించాడు. తనకు జ్వరంగా ఉంది గనుక పోలీసులు ఆపుతారని భయపడి తను రాలేదు. టమాట పెట్టెల నడుమ కూర్చొని, ఒళ్లో తెల్లబట్ట పెట్టుకొని వచ్చాను. సంచి మీదైనా కప్పుదామని. ఐదు దినాలైంది, నువ్వు మట్టి చేసే ఉంటావు, అయినా శవాలు దవాఖానలోనే ఆపుతున్నారని విన్నాను, అందుకని ముందు గేటు కాడికే పోయాను.

గేటు కాడి జవానుకు పద్మలత అని దాని నిండు పేరు చెప్పి శవం ఎక్కడుందని అడిగాను. అతను ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. అక్కడ మెట్ల మీద ఒకామె కూర్చొని ఉంది. పేరు సుభాషిణి, తొర్రూరు. ఆమె దగ్గరికొచ్చి నా చెవి కాడ నోరు పెట్టి అరిచింది.

"ఏ పద్మలత అవ్వా? ఆయా పద్మలతమ్మనా? ఆమె ఇప్పుడే ఇంటికి పోయింది గదా."

నేను మళ్లీ తప్పే అర్థం చేసుకున్నాను, పరలోకపు ఇల్లు అనుకున్నాను. "ఏ ఇంటికి బిడ్డా" అన్నాను.

"ఏ ఇల్లేంది, మట్టెవాడల వాళ్ల మామ ఇల్లు. రాత్రంతా చేసి నడుసుకుంట పోయింది."

ఆ మెట్ల మీదనే కూలబడ్డాను. ఆమెకు నేనెవరో చెప్పాను. చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుంది. ఈ జబ్బులో ఎవరూ ఎవరినీ ముట్టడం లేదు, ఆమె పట్టుకుంది.

ఆమె భర్త సారంగపాణి లోపల ఉన్నాడు. ఈ దినం గడవదని డాక్టర్ అప్పుడే వచ్చి చెప్పాడట. ఆమె చేతిలో మందు సీసా కడిగి నింపిన తులసి నీళ్లు ఉన్నాయి. పద్మలతమ్మ అయితే పోస్తుంది, మిగతావాళ్లు వద్దంటున్నారు అన్నది. సీసా నాకిచ్చింది. "మీరు ఇంటికి పోతున్నరు గదా. లేచినంక ఇయ్యుండ్రి. లేపకుండ్రి అవ్వా, ఆమె నిలవడ్డకాడనే నిద్రపోతాంది" అన్నది. నేను సీసాను కొంగుతో పట్టుకున్నాను, చెయ్యి తగలకుండా. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నీ ఇంటి తలుపు దగ్గరకు వేసి ఉంది. పద్మ కింద చాప మీద పడి ఉంది, ఒక కాలికి చెప్పు అట్లనే ఉంది. ముక్కు మీద మాస్కు కోసుకొని పుండైంది. నేను ముక్కు కాడ వేలు పెట్టి చూశాను. ఊపిరి వెచ్చగా తగిలింది. మళ్లీ పెట్టి చూశాను.

పక్కన కూర్చున్నాను. ఎంతసేపో నాకు తెలియదు. ఆటో తిరిగి పోతుంది, లేపి ఎక్కించుకొని పోదాం అనుకున్నాను. అందుకేగా ఇన్ని దినాలు నిన్ను సతాయించింది. సీసా నా ఒళ్లో ఉంది. మీ బావ పోయిన నాడు నోరు ఎండుకపోతే నేను తడిగుడ్డతో పెదవులు తడిపాను. ఆ బిందె ఎవరింటిదో, ఆ నీళ్లు ఏ బావివో అప్పుడు చూడలేదు. తడపడానికి నేను పక్కన ఉన్నాను, అదొక్కటే. ఆ తొర్రూరు పిల్ల పక్కన లేదు, మెట్ల మీద ఉంది. అయినా లేపబుద్ధి కాలేదు. లేపితే మళ్లీ ఆ వార్డులోకే పోతుంది. నేను దాన్ని ఇంకొంచెం చూసుకున్నాను.

తర్వాత భుజం మీద చెయ్యి వేసి "లే బిడ్డా" అన్నాను. కళ్లు తెరిచి, "అమ్మా, ఎప్పుడొచ్చినవే" అన్నది. సీసా చేతికిచ్చి, సారంగపాణికట అన్నాను. సీసా వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. జుట్టు ముడేసుకొని, రెండో చెప్పు వెతుక్కొని పోయింది. చాయ కూడా పెట్టియ్యలేకపోయాను. లాక్‌డౌన్‌లో పది దాటితే పోలీసులు ఆపుతారని ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడట, ఎవరో వచ్చి సైగ చేస్తే తెలిసింది. నీ కోసం ఆగలేకపోయాను. కోపం కాదురా.

సంఘం ముందు అప్పజెప్పిన అన్నదాన్ని, ఇప్పుడు తిరిగి ఇమ్మని అడగడానికి నోరు రావడం లేదు. ఉండనీ. నాకు భయం పోయిందని మాత్రం అనుకోకు.

ఆ తెల్లబట్టను ఎవరికన్నా ఇచ్చెయ్, ఇంట్లో వాడకు.

ఒక్క సంగతి రాయి. ఆ నీళ్లు సమయానికి అందాయా.

రాజవ్వ


మట్టెవాడ, వరంగల్
29 మే 2021

అక్కకు తమ్ముడు సదానందం వందనాలు.

నిద్రించినది అన్న మాటకు ఇంత అవుతుందని నాకు తట్టలేదు. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదు. దుప్పటి తీసేశాను. పద్మ ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు. మహిపాల్ జ్వరం తగ్గిందా.

నువ్వు అడిగినదానికి జవాబు రాయాలి. పద్మ వద్దన్నది. అమ్మకు రాయకు మామా అన్నది. కానీ మన మధ్య సగం సగం రాతలతో జరిగింది చాలు. మాట్లాడినట్టే రాస్తున్నాను, నువ్వు నవ్వినా సరే.

అందలేదు అక్కా. పద్మ పోయేసరికే సారంగపాణి పోయాడు, సంచిలో కట్టేస్తున్నారు. కట్టే అతన్ని పద్మ ఆగమన్నది. ఇంకా ముగ్గురున్నరు, నాకు టైం లేదు అన్నాడట. పద్మ పక్కకు జరగలేదు. ముఖం మీది గుడ్డ తీయించి, వేలు ముంచి పెదవులు తడిపింది. "నీ పెండ్లాం సుభాషిణి పంపింది" అని చెప్పిందట. చెప్పకుండా ఉండలేకపోయిన మామా అన్నది.

తర్వాత గేటు కాడికి వచ్చింది. సుభాషిణికి అప్పటికే చావు సంగతి చెప్పారు. ఏడవడం ఆపి, "పోసినవా తల్లీ" అని అడిగిందట. పద్మ పోసిన అన్నది. అంతవరకు ఒకందుకు నిజమే.

"మింగిండా" అని అడిగింది.

పద్మ, "మింగిండు" అన్నది.

అప్పుడు సుభాషిణి దాని కాళ్లు మొక్కిందట. పద్మకు అది పడటం లేదు. వారం నుంచి పనికి పోతుంది, వస్తుంది, రెండు ముద్దలు తింటుంది. మొన్న నేను స్తోత్రం చేద్దాం అంటే నువ్వు చెయ్యి మామా, నా నోటితో వద్దు అన్నది. అబద్ధమాడిన నోరట. తులసి నీళ్లు పోసినందుకు అది ఒక్కనాడూ బాధపడలేదు. ఈ ఒక్క మాటకు కుంగిపోతోంది.

శ్యాంసుందర్ గారిని అడుగుదామా అంటే ఆయన ఆక్సిజన్ మీద ఉన్నాడు. పద్మ వార్డులోనే. రాత్రిళ్లు దాని చెయ్యి వదలడట.

నువ్వు లేపకముందే ఆయన పోయాడు. ఎంత ముందు పోయాడని, నువ్వు దాని పక్కన కూర్చున్నప్పుడా, అంతకన్నా ముందా అని నేను పద్మను అడగలేదు. అడిగితే నీకు రాయవలసి వస్తుంది. నువ్వూ అడగకు.

ఇప్పుడు నీతో పని పడింది. కర్మలు అయినాక పై ఆదివారం సుభాషిణి పిల్లలను తీసుకొని మన ఇంటికి వస్తానని కబురు చేసింది. పద్మలతమ్మ నోటితో ఇంకొకసారి వింటే మా పిల్లలకు ధైర్యం అన్నదట. పద్మ నిజం చెప్పేస్తా అంటుంది. చెప్పకపోతే మళ్లీ అదే అబద్ధం ఆడాలి, ఈసారి పిల్లల ముందు. చెప్పమనాలో, వద్దనాలో నాకు తెలియడం లేదు. వాక్యం తెరిచాను. కళ్లద్దాలు తుడుచుకొని మూసేశాను. నేను గోడకు ఆనుకొని నిలబడేవాణ్ని అని నువ్వే అన్నావు. నిజమే. ఈసారి కూడా నిలబడ్డాను.

నువ్వు తల్లివి. దాన్ని లేపి పంపినదానివి. పొడుగు ఉత్తరం వద్దు, ఒక్క మాట రాయి. తంతి ఆఫీసులు ఇప్పుడు లేవు, ఈ కాగితం చేరిన పూటే రాసి డబ్బాలో వెయ్యి. ఆదివారం లోపల రావాలి. అమ్మకు రాయకు అన్నదే గానీ, నేను నిన్ను అడుగుతానని తెలిసి పోస్టుమాన్ వచ్చే వేళకు పద్మ డ్యూటీ మార్చుకొని గడపలో కూర్చుంటోంది.

నీ తమ్ముడు
సదానందం